కోతికి మామా, చిన్నాయనా? ‘ది మంకీస్ అంకుల్’ మా ఇంట్లో ఎట్లా ఆడిందంటే

సినిమా సంగతి తర్వాత, ముందు డిస్కు సంగతి చెప్తా. ఎందుకంటే ఇది చదివి ఎవరైనా అమెరికా నుంచి తెప్పించుకుంటే, అది ఆడకపోతే మొదట తిట్టేది నన్నే. పోయిన దసరాకు మా బావమరిది వచ్చినప్పుడు పిల్లల కోసమని రెండు పాత డిస్నీ డీవీడీలు తెచ్చాడు. ఒకటి 1964 నాటి ‘ది మిస్‌అడ్వెంచర్స్ ఆఫ్ మెర్లిన్ జోన్స్’, రెండోది దాని తరువాయి, 1965లో వచ్చిన ‘ది మంకీస్ అంకుల్’. ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్‌లో పెడితే కాసేపు గిర్రున తిరిగి, రీజియన్ తప్పు అని ఒక ముక్క చూపించి ఆగిపోయింది. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశానివి రీజియన్ 5, అక్కడిది ఇక్కడి ప్లేయర్‌లో మామూలుగా ఆడదు. ఇరవై ఏళ్ల నుంచి అనంతపురంలో కాలిన బోరు మోటార్లు విప్పి వైండింగ్ చేస్తున్నవాణ్ణి, ఈ డబ్బా నాకు ఎదురు చెప్పేంతదా అని స్క్రూడ్రైవర్ తీసేసరికి మా అమ్మాయి అడ్డం పడింది. అది మెకానికల్ రెండో సంవత్సరం చదువుతోంది. అటక మీద ఉన్న పాత ల్యాప్‌టాప్ దించి, అందులో రీజియన్ మార్చింది. “నాన్నా, ఇట్లా ఐదుసార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత ఏ నంబర్ మీద ఉంటే దానికే అతుక్కుపోతుంది, జాగ్రత్త” అని చెప్పింది. ఒకటి అయిపోయింది, నాలుగు మిగిలాయి. కాబట్టి మీ దగ్గర డిస్కు డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ లేకపోతే ఈ కొనుగోలు జోలికి పోవద్దు.

ఆదివారం సాయంత్రం టీవీకి వైరు తగిలించి, బొరుగులు కలిపి పెట్టుకుని, ఉడకేసిన చెనక్కాయలు ఒక గిన్నెడు ముందరేసుకుని కూచున్నాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, ఎనిమిదో తరగతి చదివే మావాడు, ఇంకా మా అమ్మ. అమ్మకు ఇంగ్లీషు రాదు. సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెప్పే పని నాది, నేను తడబడిన చోట అమ్మాయి అందుకోవాలి. పేరు దగ్గరే మొదటి గండం వచ్చింది.

“ఏం పేరురా సినిమాది?”

“మంకీస్ అంకుల్ అంటమ్మా. కోతికి అంకుల్.”

“అంకుల్ అంటే? మామనా, చిన్నాయనా? అమ్మ తరఫా, నాయన తరఫా?”

ఏం చెప్పాలి? ఇంగ్లీషువాళ్లకు ఆ గొడవ లేదు, అందరూ అంకుల్సే. అసలు అది వాళ్ల దగ్గర ఒక మాట కూడానట. నమ్మలేని సంగతి ఏదైనా వింటే ‘అయితే నేను కోతికి అంకుల్‌నే’ అంటారని మా అమ్మాయి చెప్పింది, మనం అదే జరిగితే అర మీసం తీయించుకుంటా అంటామే, ఆ వరసలోది. ఇది అమ్మకు చెప్తే అసలు వినలేదు. “మీసం సంగతి కాదురా, వరస చెప్పు” అంది. ఇంతలో మావాడు “జేజీ, అది కోతి కాదు, చింపాంజీ, దానికి తోక ఉండదు” అని ఇంకో పేచీ తెచ్చాడు. సినిమా మొదలవకముందే సగం చెనక్కాయలు అయిపోయాయి.

కథ ఇదీ. మిడ్‌వేల్ అని ఒక కాలేజీ. అందులో మెర్లిన్ జోన్స్ అనే కుర్రాడు, తెలివి ఎక్కువ, తిన్నగా ఉండడం తక్కువ. ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడుతుంటాడు, అది ఎప్పుడూ ఎవరో ఒకరి నెత్తికి చుట్టుకుంటుంది. స్టాన్లీ అనే చింపాంజీని పెంచుకునే హక్కు కోర్టు వాడికి ఇస్తుంది, పేరు అందుకే. ఇది వినగానే మా అమ్మ తీర్పు చెప్పేసింది: “కోర్టు ఇచ్చిందంటే చిన్నాయనే అయ్యుంటాడు. మామకెందుకు ఇస్తారు?” సరే, మా ఇంట్లో సినిమా పేరు అప్పటి నుంచి ‘కోతి చిన్నాయన’.

పేర్లు పడేటప్పుడే పాట వస్తుంది. హీరోయిన్ ఆనెట్ ఫునిచెల్లో పాడుతుంటే వెనక బీచ్ బాయ్స్ బృందం వాయిస్తుంటుంది. షెర్మన్ సోదరులు కట్టిన పాట అది. మాటలు అర్థం కాకపోయినా మా అమ్మ కూడా వేలితో గిన్నె మీద తాళం వేసింది. నిజం చెప్పాలంటే సినిమా మొత్తంలో ఉత్సాహం పొంగే చోటు ఆ రెండు మూడు నిమిషాలే, ఆ తర్వాత అంత హుషారు మళ్లీ ఎక్కడా రాదు. ఇట్లాంటి పాటను మొదట్లోనే ఖర్చు పెట్టేయడం ఏందో నాకు అర్థం కాలేదు. మన సినిమా అయితే దాన్ని ఇంటర్వెల్ తర్వాతకు దాచుకునేవాళ్లు.

సినిమాలో రెండు కథలున్నాయి, రెండింటికీ మధ్య కుట్టు కనిపిస్తుంది. మొదటి సినిమాకైతే కారణం సులువుగా చెప్పొచ్చు, 1964 సినిమాను టీవీ కోసం అనుకుని తీసి తర్వాత థియేటర్లలో వదిలారు, అది బాగా ఆడింది కాబట్టి ఈ రెండోది వచ్చింది, పాత అలవాటు దీనికీ పోలేదు. దర్శకుడు రాబర్ట్ స్టీవెన్‌సన్ చిన్నవాడేం కాదు, అదే 1964లో ‘మేరీ పాపిన్స్’ కూడా ఆయనే తీశాడు. బహుశా మనసు అక్కడ పెట్టి ఇక్కడ చేతులు మాత్రం పెట్టాడేమో అనిపించింది.

మొదటి సగం నిద్ర చదువు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఇద్దరు మొద్దబ్బాయిలు పరీక్ష పాసవకపోతే ఆటే ఆగిపోయే పరిస్థితి. మన మెర్లిన్ ఏం చేస్తాడంటే, పాఠం రికార్డు చేసి రాత్రి వాళ్లు నిద్రపోయేటప్పుడు చెవి దగ్గర మోగే ఏర్పాటు చేస్తాడు. మావాడు ఇది చూసి లేచి కూచున్నాడు, కళ్లలో ఆ మెరుపు నాకు తెలుసు, సాంఘిక శాస్త్రం మొత్తం ఫోన్‌లో రికార్డు చేసి దిండు కింద పెట్టుకునే రకం. అందుకే అక్కడికక్కడే ఆపి చెప్పాల్సి వచ్చింది. అమెరికాలోనే 1950లలో మనుషుల తలకు మెదడు తరంగాలు చూపించే ఈఈజీ తీగలు పెట్టి చూశారు, నిజంగా గాఢనిద్రలో ఉన్నవాడికి పాఠం ఒక్క ముక్క కూడా ఎక్కలేదు, మెలకువ వచ్చిన క్షణాల్లో విన్నదే ఏదో కాస్త గుర్తుంది. అంటే ఈ సినిమా తీసేనాటికే ఆ ముచ్చట తేలిపోయింది. “అయితే సినిమావాళ్లకు ఎవరూ చెప్పలేదా?” అన్నాడు. చెప్పినా వినరురా, సినిమావాళ్లు కదా.

ఆ తర్వాత కాపీ కొట్టారన్న అనుమానం, విచారణ, అదంతా గబగబా నడుస్తుంది. ఫుట్‌బాల్ అంటే మనం అనుకునేది కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ల ఆట, దాని గురించి అంతమంది పెద్దమనుషులు అంత టెన్షన్ ఎందుకు పడుతున్నారో మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

రెండో సగం వచ్చేసరికి నేను బొరుగుల గిన్నె పక్కన పెట్టేశాను. మనిషి బలంతో, ఇంజిన్ లేకుండా ఎగిరే విమానం చేసి చూపిస్తే కాలేజీకి పెద్ద మొత్తం ఇస్తానని ఒక ధనవంతుడు వస్తాడు. ఆయన పేరు డేరియస్ గ్రీన్. అమెరికాలో 1860ల నాటి ఒక పాత హాస్య పద్యంలో, ఎగిరే యంత్రం కట్టుకుని పైనుంచి దూకి కింద పడే పల్లెటూరి కుర్రాడి పేరు అదే. అంటే పేరు వినగానే అక్కడివాళ్లకు ఇది ఎటు పోతుందో సగం తెలిసిపోతుంది, మనకు తెలీదు, మనమే నయం. మెర్లిన్ సైకిల్ తొక్కినట్టు తొక్కితే లేచే విమానం తయారు చేస్తాడు.

ఇక్కడ నా వృత్తి అడ్డమొచ్చింది. మా షాపుకు వచ్చే సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఎక్కువ 7.5 హార్స్‌పవర్‌వి, ఈ చుట్టుపక్కల నీళ్లు అంత లోతుకు పోయాయి మరి. లో వోల్టేజీకి కాలి, నల్లబడిన కాపర్‌తో, కాలిన ఇన్సులేషన్ వాసనతో వస్తాయి. బాగా సాధన చేసిన సైక్లిస్టు అయినా ఆపకుండా తొక్కుతూ ఇవ్వగలిగేది అర హార్స్‌పవర్ లోపే. అంటే ఒక బోరు మోటార్ చేసే పని చేయాలంటే పదిహేను ఇరవై మందిని వరసగా కూచోబెట్టి తొక్కించాలి. అంత తక్కువ బలంతో ఒక మనిషిని, ఆ మనిషితో పాటు రెక్కల బరువునూ గాల్లోకి లేపాలి. టీవీ ఆపి ఇదంతా చెప్తుంటే మా ఆవిడ “సినిమా చూడనియ్యవయ్యా, కరెంటు బిల్లు మాట్లాడినట్టు మాట్లాడతావు” అంది.

కానీ మా అమ్మాయి ఊరుకోలేదు. ఫోన్‌లో వెతికి, “కుదరదని ఎవరన్నారు నాన్నా, సినిమాకన్నా ముందే కాలేజీ పిల్లలే చేశారు చూడు” అని చూపించింది. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ విద్యార్థులు కట్టిన విమానం 1961 నవంబర్ 9న మనిషి తొక్కుడుతోనే నేల వదిలి లేచింది, అరవై మీటర్ల పైచిలుకు పోయిందట. ఆ తర్వాత 1977 ఆగస్టు 23న పాల్ మెక్‌క్రెడీ అనే ఆయన తయారుచేసిన గాసమర్ కాండర్, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి వచ్చి క్రెమర్ బహుమతి, 50,000 పౌండ్లు, కొట్టింది. తొక్కినవాడు బ్రయాన్ అలెన్ అనే సైక్లిస్టు. 1979 జూన్‌లో అతనే ఇంకో విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు, దగ్గర దగ్గర మూడు గంటలు తొక్కి. నన్ను ఆపేసింది కాండర్ బరువు. రెక్కల పొడవు 29 మీటర్లు, బరువు మాత్రం 32 కిలోలు. సన్నటి అల్యూమినియం గొట్టాలు, పియానో తీగ, మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ కాగితం. మా షాపులో స్టాండు మీద ఉన్న మోటార్ ఒక్కటే అంతకన్నా బరువు. బలం పెంచడం చేతకాకపోతే బరువు తగ్గించాడు ఆయన, అది బుర్ర అంటే.

ఇది తెలిశాక సినిమా మీద నాకు ఒక మెట్టు కోపం వచ్చింది. ఎందుకంటే మెర్లిన్ అదే సమస్య దగ్గర ఆగుతాడు, తొక్కేవాడికి బలం చాలదు. అప్పటిదాకా వాడు చేసిన పనులన్నీ చేత్తో ముట్టుకోగలిగినవి. రికార్డు, సైకిల్, తీగలు, గొట్టాలు. చూసేవాడికి ‘ఓహో, ఇట్లా చేశాడా’ అని తెలుస్తుంటుంది. పాత కామెడీల్లో నాకు నచ్చేదే అది, యంత్రం కళ్లెదురుగా తిరుగుతుంది, ఎక్కడ తేడా కొడుతుందో చిన్నపిల్లాడికి కూడా ముందే తెలుస్తుంది, నవ్వు అక్కడే పుడుతుంది. తీరా అసలు ముడి దగ్గరికి వచ్చేసరికి వీడు రెక్కలు పల్చన చేసే ఆలోచన వదిలేసి, అడ్రినలిన్‌తో బలం తెచ్చే మందు తయారుచేస్తాడు. తాగితే బలమొచ్చేస్తుంది, అయిపోయింది! నాకు చప్పున చల్లారిపోయింది. వైండింగ్ సరిగ్గా చుట్టకుండా మోటార్‌కు నిమ్మకాయ కట్టినట్టుంది. పిల్లలు మాత్రం ఆ భాగానికే పడీపడీ నవ్వారు, కాబట్టి ఈ ఫిర్యాదు నాదొక్కడిదే అనుకోండి.

మా అమ్మాయి ఫిర్యాదు వేరు. “ఆ హీరోయిన్ జెన్నిఫర్ ఏం చేస్తుంది నాన్నా ఈ సినిమాలో? వాడు కనిపెడతాడు, ఈమె సాయం చేస్తుంది, అలుగుతుంది, మళ్లీ సాయం చేస్తుంది.” నిజమే. ఆనెట్‌కు తెర మీద ఉన్న కళ ముందు ఆ కుర్రాడు తేలిపోతాడు, అయినా ఆమెకు పాట తప్ప గట్టి పని ఇవ్వలేదు. మద్రాసు గిండీలో 1946లో మొదలై రెండేళ్లకు మా అనంతపురం వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ఊరు ఇది. ఇక్కడ ఇప్పుడు ల్యాబుల్లో ఆడపిల్లలు లేత్ మీద పనిచేస్తుంటే చూసిన పిల్ల అది, ఊరికే ఎట్లా ఊరుకుంటుంది?

కాలేజీ అంటే గుర్తొచ్చింది, ఒక పిట్టకథ. ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఫైనలియర్ పిల్లలు కొందరు షాపుకొస్తారు. “అన్నా, ప్రాజెక్టుకు చిన్న మోటార్ కావాలి” అంటారు. ఏం ప్రాజెక్టప్పా అంటే సగం మంది చెప్పలేరు, ఎక్కడో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి ఉంటారు, మోటార్ తిరగక నా దగ్గరికి వస్తారు. ఒకసారి ఒక అబ్బాయి సోలార్ బండి అని తెచ్చాడు, విప్పి చూస్తే సోలార్ పలక నుంచి వచ్చే వైరు దేనికీ తగిలించలేదు, కింద దాచిన బ్యాటరీతో నడుస్తోంది. ఆ సంగతి వాడికే తెలీదు పాపం, అమ్మినవాడు చెప్పలేదు. ఇద్దరం కలిసి మధ్యాహ్నమంతా కూచుని వైర్లు కలిపి, ఎండలో పెడితే నాలుగడుగులు నడిచింది. వాడి మొహం చూడాలి అప్పుడు. మెర్లిన్ యంత్రం కదిలినప్పుడల్లా నాకు ఆ మొహమే కనబడింది, అందుకే ఈ సినిమాకు నేను వేయాల్సినదానికన్నా ఒక మార్కు ఎక్కువ వేస్తున్నానేమో.

జడ్జి హోమ్‌బీ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. లియోన్ ఏమ్స్ వేశాడు. పెద్దరికం మొహమంతా పరుచుకుని ఉంటుంది, లోపల మాత్రం చిన్నపిల్లాడు. ఫుట్‌బాల్ కోసం, కాలేజీ కోసం ఆయన పడే యాతన చూసి మా అమ్మ “ఈయనెవరో మన సర్పంచ్ లెక్క ఉన్నాడే” అంది. మొదటి సినిమాలో అయితే ఆయనే అసలు హీరో. అందులో మెర్లిన్ తలకు తీగల టోపీ పెట్టుకుని ప్రయోగం చేస్తుంటే షాక్ తగిలి ఎదుటివాళ్ల మనసులో మాట వినిపించడం మొదలవుతుంది. జడ్జి గారి మనసులో వింటే అన్నీ దొంగతనాలు, నేరాల పథకాలే! తీరా చూస్తే ఆయన రహస్యంగా మారుపేరుతో క్రైమ్ నవలలు రాస్తుంటాడు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈ రెండు సినిమాలకూ రచయితలుగా తెర మీద పడిన పేర్లు టామ్, హెలెన్ ఆగస్ట్. అవీ మారుపేర్లే. ఆల్ఫ్రెడ్, హెలెన్ లెవిట్ అనే భార్యాభర్తలు వాళ్లు, కమ్యూనిస్టులనే ముద్ర పడి హాలీవుడ్‌లో సొంత పేరుతో పని దొరకని కాలంలో అట్లా రాశారు. పేరు దాచుకుని రాసేవాళ్లు పేరు దాచుకుని రాసే జడ్జిని సృష్టించారంటే, ఆ సీన్ రాసేటప్పుడు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుని ఉండరూ?

మెర్లిన్ వేసిన టామీ కర్క్ కథ ఇంత సరదాగా లేదు. అతను స్వలింగ సంపర్కి అని బయటపడ్డాక డిస్నీ అతణ్ణి వదిలించుకుంది. మొదటి సినిమా బాగా ఆడడంతో ఈ రెండోదానికి మళ్లీ పిలిచారు, ఇదైపోయాక మళ్లీ పంపేశారు. తర్వాత సినిమాలు వదిలేసి తివాచీలు శుభ్రం చేసే వ్యాపారం పెట్టుకుని చాలా ఏళ్లు నడిపాడు, 2021లో పోయాడు. తెర మీద మాత్రం ఆ బాధ నీడ కూడా కనబడదు, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ సైకిల్ విమానం తొక్కే ఏర్పాట్లలో ఉంటాడు. మా అమ్మాయి ఇది చదివి వినిపించాక నేను ఆ కుర్రాణ్ణి ఇంకోలా చూశాను.

ఇక లెక్క. ఐదుకు మూడు. గంటన్నరే కాబట్టి విసుగు పుట్టేలోపు అయిపోతుంది. ముద్దు సీన్లు, రక్తం, కొట్లాటలు వచ్చి రిమోట్ కోసం తడుముకునే పని లేదు, ముసలివాళ్లతో, పిల్లలతో కలిసి కూచోవచ్చు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే, మధ్యలో ఒకరు చెప్తూ ఉండాలి. అయితే చింపాంజీ ఉన్న సీన్లకు చెప్పేవాడి అవసరం లేదు. రెండూ దొరికితే మొదటిది ముందు చూడండి, జడ్జి అందులోనే బాగుంటాడు. ఒక్కటే చూస్తామంటే విమానం కోసం ఇది. చివర్లో ఆ ధనవంతుడి అసలు సంగతి బయటపడుతుంది, అది చెప్పను.

రెండోసారి ఎందుకు చూశామంటే, మర్నాడు పొద్దున మా అమ్మ పక్కింటి పెద్దమ్మకు కథ చెప్పింది. కోర్టు కోతిని చిన్నాయనకు అప్పగించింది, ఆ చిన్నాయన సైకిల్‌కు రెక్కలు కట్టాడు, జడ్జి మంచివాడు, ఇదీ కథ. పెద్దమ్మ అంతా విని, “మరి ఆ కోతి వాళ్లమ్మ ఏమైంది వదినా?” అని అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు, తిన్నగా షాపుకు ఫోన్ చేసి నన్ను అడిగింది. నేను అప్పుడు కాలిన స్టేటర్‌లోంచి తీగ లాగుతున్నాను. ఆ రాత్రి మళ్లీ ల్యాప్‌టాప్ దించాం, ఈసారి బొరుగులు పెద్దమ్మే కలుపుకొచ్చింది.